చెన్నైలో శరణార్థులకు తోడు: ఎంతదూరం, ఎక్కడిదాకా?

క్లుప్తంగా: చెన్నైకి కొత్తగా వచ్చే శరణార్థులకు స్వచ్ఛంద సేవకులు చేయగల అసలు సాయం వస్తువులు పంచడం కాదు, వెంట నడవడం. ఆస్పత్రి, బడి, బస్సు దాకా ఆ తోడు చక్కగా పనిచేస్తుంది. ఇల్లు, బ్యాంకు, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కాగితం అడ్డుపడుతుంది. భాష వచ్చినవారికీ ఈ అడ్డు తప్పలేదని నగర చరిత్ర చెబుతోంది. 2025లో అమల్లోకి వచ్చిన కొత్త విదేశీయుల చట్టం ఈ గీతను మరింత గట్టిగా గీసింది.

తెలుగులో శరణార్థికి మరో మాట ఉంది: కాందిశీకుడు. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఎటు పోవాలో తెలియక పరుగెత్తినవాడు కాందిశీకుడు. ఒకప్పుడు పత్రికల్లో విరివిగా కనిపించిన ఈ మాట ఇప్పుడు తగ్గింది, ‘శరణార్థి’ ఆ చోటును ఆక్రమించింది. అయితే ఈ రెండు మాటలు చెప్పేది ఒకటి కాదు. శరణార్థి శరణు కోరుతున్నాడు, దాన్ని ఇవ్వగలిగింది రాజ్యం ఒక్కటే. కాందిశీకుడికి కావలసింది దిక్కు. దిక్కు చూపడం పక్కింటివారికీ, కళాశాల విద్యార్థికీ, పదవీ విరమణ చేసిన గుమాస్తాకూ సాధ్యమే. స్వచ్ఛంద సేవ బలమంతా ఈ రెండో మాటలో ఉంది, దాని హద్దులు మొదటి మాటలో ఉన్నాయి.

ఒకే నగరం, మూడు రాకలు

ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే చెన్నై చూసిన మూడు రాకలను పక్కపక్కన పెట్టాలి.

మొదటిది తెలుగువారికి బాగా దగ్గరిది. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి బర్మా (నేటి మయన్మార్)లోని రంగూన్ రేవులో కూలికి వెళ్లినవారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే వారికి ఇంటిపేరైంది. 1930 మేలో రంగూన్ రేవు కూలీల మధ్య చెలరేగిన అల్లర్లలో ప్రధానంగా బలైంది ఈ తెలుగువారే. 1942లో జపాన్ దాడితో లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964లో 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి. మద్రాసు, విశాఖపట్నం రేవుల్లో దిగినవారి చేతుల్లో పెద్దగా ఏమీ మిగల్లేదు. బర్మాలోనే పుట్టి పెరిగినవారికి ఇక్కడి ఊరు, బడి, బజారు అన్నీ కొత్తవే. అయినా ఒక తరం తిరిగేసరికి వారు నగరంలో కలిసిపోయారు. బీచ్ స్టేషన్ దగ్గరి బర్మా బజారు 1960ల చివర్లో వారి బతుకుతెరువు కోసం ఏర్పడిందే. విశాఖపట్నంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

రెండో రాక శ్రీలంక తమిళులది. 1983 జూలై మారణకాండ తర్వాత మొదలై, 1990లో, 1995–96లో, 2006లో అలలు అలలుగా సాగింది. మొత్తం మీద తమిళనాడుకు వచ్చినవారు సుమారు 3 లక్షలు. వారిలో చాలామంది తిరిగి వెళ్లారు, లేదా వేరే దేశాలకు తరలిపోయారు. ఇటీవలి లెక్కల ప్రకారం నూరు దాటిన శిబిరాల్లో సుమారు 58,000 మంది, శిబిరాల బయట పోలీసు స్టేషన్లలో నమోదై సుమారు 34,000 మంది ఉన్నారు. వీరి భాష ఇక్కడి భాషే. ఆలయాలు, పండుగలు, భోజనం అన్నీ దగ్గరివే. అయినా నలభై ఏళ్ల తర్వాత, ఇక్కడే పుట్టి ఇక్కడే పిల్లలను కన్నవారు కూడా శిబిరం చిరునామాతోనే బతుకుతున్నారు.

మూడో రాక చిన్నది: మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు. 2012 తర్వాత కొన్ని కుటుంబాలు నగరానికి దక్షిణాన ఉన్న కేళంబాక్కంలో, తుపాను బాధితుల కోసం కట్టిన ప్రభుత్వ భవనంలో తలదాచుకున్నాయి. వీరికి తమిళం రాదు, ఈ దేశ పౌరసత్వం లేదు, పుట్టిన దేశం కూడా వీరిని పౌరులుగా ఒప్పుకోదు.

కొత్తవారు స్థిరపడటానికి ప్రధాన అడ్డు భాషేనని సాధారణంగా అనుకుంటారు. స్వచ్ఛంద సంఘాలు కూడా మొదట తలపెట్టేది భాషా తరగతులనే. పై మూడింటినీ పోల్చితే ఆ అంచనా నిలవదు. బర్మా నుంచి తిరిగొచ్చినవారిని ప్రభుత్వం తన మనుషులుగా అంగీకరించింది. రుణం, స్థలం, దుకాణం అన్నీ ఆ అంగీకారం వెంట వచ్చాయి. శ్రీలంక తమిళులకు భాష ఉంది, అంగీకారం లేదు. నిలదొక్కుకోవడంలో తేడా తెచ్చింది నాలుక కాదు, కాగితం.

చట్టంలో శరణార్థి ఎక్కడ?

1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద, 1967 నాటి అనుబంధ ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. దేశంలో శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. చట్టం దృష్టిలో మనుషులు రెండే రకాలు: పౌరులు, విదేశీయులు. ప్రాణభయంతో పడవెక్కి వచ్చినవారూ, గడువు దాటి ఉండిపోయిన పర్యాటకుడూ ఒకే పద్దు కింద చేరతారు. ఆ తర్వాత ఎవరిని ఎలా చూడాలనేది ప్రభుత్వ ఆదేశాల మీద ఆధారపడి ఉంటుంది. శ్రీలంక తమిళులనూ టిబెటన్లనూ ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. మయన్మార్, అఫ్గానిస్తాన్ వంటి దేశాల నుంచి వచ్చినవారిని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ నమోదు చేసి కార్డు ఇస్తుంది. ఆ సంస్థకు చెన్నైలో 1992 నుంచి కార్యాలయం ఉంది. శ్రీలంకకు తిరిగి వెళ్తున్నవారు ఇష్టపూర్వకంగానే వెళ్తున్నారో లేదో చూడటం దాని మొదటి పని.

రాజ్యాంగం మాత్రం కొంత చోటు వదిలింది. సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణం, ప్రాణరక్షణను చెప్పే 21వ అధికరణం ‘ఏ వ్యక్తికైనా’ అంటాయి, ‘పౌరుడికి’ అనవు. అరుణాచల్‌ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు దీన్నే స్పష్టం చేసింది. నచ్చిన చోట నివసించే హక్కు, నచ్చిన వృత్తి చేసుకునే హక్కు ఉన్న 19వ అధికరణం మాత్రం పౌరులకే. ఈ రెండు రకాల అధికరణాల మధ్య తేడా కోర్టుల్లోనే ఉండిపోదు. ఆస్పత్రి కిటికీ దగ్గర, ఇంటి యజమాని గుమ్మం దగ్గర రోజూ ఎదురవుతుంది.

అడగని తలుపులు

చెన్నైలో కొన్ని తలుపులు ‘నువ్వెవరివి’ అని అడగవు. ఆ సంగతి ముందుగా తెలిసిన స్వచ్ఛంద సేవకుడు మొదటి వారంలోనే ఒక కుటుంబానికి సగం భారం తగ్గించగలడు.

2021 మే నుంచి నగరంలోని సాధారణ చార్జీ బస్సుల్లో మహిళలకు టికెట్ ఉచితం. కండక్టరు ఆధార్ అడగడు, ఊరు అడగడు. కొత్తగా వచ్చిన స్త్రీకి నగరం అర్థం కావడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. ఒకటి రెండుసార్లు ఎవరైనా వెంట వెళ్లి, ఏ రంగు బస్సు, ఏ నంబరు, ఎక్కడ దిగాలి అన్నది చూపిస్తే చాలు, మూడోసారి ఆమె ఒక్కతే వెళ్లగలదు. 2013లో మొదలైన అమ్మ క్యాంటీన్లలో రూపాయికి ఇడ్లీ, 5 రూపాయలకు సాంబారన్నం ఎవరికైనా పెడతారు. సెంట్రల్ దగ్గరి రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆస్పత్రిలో, ఉత్తర చెన్నైలోని స్టాన్లీ ఆస్పత్రిలో ఓపీ చీటీకి పౌరసత్వంతో పని లేదు.

ఆస్పత్రిలోనే తోడు విలువ బాగా తెలుస్తుంది. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం ఉచితమే గాని, దాన్ని అందుకోవడానికి ఓపీ కిటికీ, విభాగం, రక్తపరీక్ష, మళ్లీ విభాగం, మందుల కిటికీ అన్న వరుస తెలియాలి. నొప్పి ఎక్కడుందో చెప్పలేని రోగి, బోర్డు చదవలేని రోగి మధ్యలోనే వెనుదిరిగి, వీధి చివరి మందుల దుకాణంలో చేతికి దొరికిన మాత్ర కొనుక్కుంటారు. వెంట ఉన్న మనిషి చేసేది అనువాదం ఒక్కటే కాదు. ‘ఈ మనిషి కోసం అడిగేవారు ఉన్నారు’ అన్న సంగతి కిటికీ అవతలివారికి తెలియడం కూడా సాయమే.

బడి విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ‘ప్రతి బాలుడు, బాలిక’ గురించి మాట్లాడుతుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండరాదని 14వ సెక్షన్ అంటుంది. బదిలీ పత్రం ఆలస్యమైందని నిరాకరించరాదని 5వ సెక్షన్ అంటుంది. వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ అంటుంది. ఈ మూడు సెక్షన్ల నంబర్లు తెలిసి ప్రధానోపాధ్యాయుడి గదిలోకి వెళ్లిన సేవకుడికీ, దయ చూపమని వేడుకునే సేవకుడికీ చాలా తేడా ఉంటుంది. చేరిన పిల్లలకు మధ్యాహ్న భోజనం, ప్రాథమిక తరగతుల వారికి 2022లో మొదలైన ఉదయపు ఫలహారం కూడా అందుతాయి.

ఇక్కడ చెన్నై తెలుగువారికి ఒక ప్రత్యేకమైన అనుభవం ఉంది. 2006 నాటి తమిళ అభ్యాస చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన పిల్లలకు మొదటి ఏడాది ఎలా గడుస్తుందో, ఏ అక్షరాలు తడబడతాయో, ఇంటిపాఠం చెప్పలేని తల్లి ఎంత కుంగిపోతుందో కొరుక్కుపేట, తండయార్‌పేట, వ్యాసర్‌పాడి తెలుగు కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మయన్మార్ నుంచి వచ్చిన పిల్లవాడికి తమిళ అక్షరాలు దిద్దించడానికి తమిళం పుట్టుకతో వచ్చినవారికంటే నేర్చుకుని వచ్చినవారే మెరుగు. ఎక్కడ కష్టమో వారికి గుర్తుంటుంది.

అడిగే తలుపులు

బ్యాంకు ఖాతా, ఫోను సిమ్ కార్డు, నెలజీతపు ఉద్యోగం, అద్దె ఇల్లు: ఇవన్నీ గుర్తింపు అడుగుతాయి. శిబిరాల్లోని శ్రీలంక తమిళులకు శరణార్థి గుర్తింపు కార్డు ఉంటుంది. దాంతో ప్రభుత్వ సాయం అందుతుంది. 2021 పెంపు తర్వాత కుటుంబ పెద్దకు నెలకు 1,500 రూపాయలు, ఇతర పెద్దలకు 1,000, పిల్లలకు 500 చొప్పున ఇస్తున్నారు. అదే ఏడాది 317.40 కోట్ల రూపాయల పథకంలో భాగంగా పాడుబడిన ఇళ్ల చోట 7,469 ఇళ్లు కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. శిబిరాలకు ‘మరువాళ్వు’, అంటే పునరావాస శిబిరాలు అని పేరు మార్చింది. నిజమైన మేలే జరిగింది. అయితే శిబిరంలో హాజరు పట్టీ ఉంటుంది, బయట రాత్రి గడపాలంటే అనుమతి కావాలి. అందుకే శిబిరాల మగవారిలో చాలామంది ఇళ్లకు రంగులు వేసే రోజుకూలీ పనిలో స్థిరపడ్డారు. ఇంజనీరింగ్ చదివిన కుర్రవాడు కూడా బ్రష్షు పట్టడం కొత్త సంగతి కాదు. రోజుకూలీ పనిలో మేస్త్రీ పనితనం చూస్తాడు, కార్డు చూడడు.

ఐక్యరాజ్యసమితి కార్డు ఉన్నవారి స్థితి దీనికి భిన్నం. 2011 డిసెంబరు 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నిజమైన ప్రాణభయం ఉందని తేలినవారికి దీర్ఘకాలిక వీసా సిఫారసు చేయవచ్చు. అది దొరికితే ప్రైవేటు ఉద్యోగానికీ చదువుకూ దారి తెరుచుకుంటుంది. దొరకకపోతే ఆ కార్డు ఒక్కటే చూపి ఆధార్ పొందడం సాధ్యం కాదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాకపోయినా, నగరంలో అడిగే తలుపులన్నింటికీ తాళంచెవి అదే అయింది.

అద్దె ఇల్లు వీటన్నింటిలోకీ కష్టం. 2017 నాటి తమిళనాడు అద్దె చట్టం, వేరే ఒప్పందం లేనప్పుడు, మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదంటుంది. పది నెలల అడ్వాన్సు అడిగే పాత అలవాటు మాత్రం ఇంకా పోలేదు. పది నెలల అద్దె ఒకేసారి తేగల శరణార్థి కుటుంబం అరుదు. తెచ్చినా, అద్దెకున్నవారి వివరాలు పోలీసులకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. విదేశీయుడికి బస ఇచ్చినవారు ఇరవై నాలుగు గంటల్లో ఆ వివరాలను నిర్ణీత ఫారంలో దాఖలు చేయాలన్న నిబంధన ఇంకోటి. యజమాని నిరాకరణకు చాలాసార్లు ద్వేషం కారణం కాదు, ఠాణా చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం. ఈ భయాన్ని తగ్గించగలిగేది సేవకుడే. ఫారం ఎలా నింపాలో చూపి, యజమాని వెంట వెళ్లి అందజేస్తే నిరాకరణకు సగం కారణం తొలగిపోతుంది. శరణార్థి మంచివాడని నచ్చజెప్పడం కంటే ఇది త్వరగా ఫలిస్తుంది.

సేవలో చిక్కులు

మొదటి చిక్కు వారపు పట్టికలో ఉంది. స్వచ్ఛందంగా ముందుకొచ్చేవారిలో ఐటీ ఉద్యోగులు, విద్యార్థులు ఎక్కువ. వారి తీరిక శని, ఆదివారాలు. శరణార్థికి పని పడే కార్యాలయాలు తెరిచేది సోమవారం నుంచి శుక్రవారం వరకు. ఈ పొంతన కుదరకపోవడం వల్లనే వారాంతపు సేవ బట్టలు పంచడం, బొమ్మలు ఇవ్వడం, ఆటలు ఆడించడం వైపు జారిపోతుంది. పనిదినాల్లో తీరిక ఉండే విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు ఒక సంఘంలో నలుగురున్నా దాని స్వరూపమే మారుతుంది. పాత ఫైళ్ల భాష తెలిసిన రిటైర్డు గుమాస్తా ఒకరు పది సంచుల బట్టలకంటే ఎక్కువ మేలు చేస్తారు.

రెండోది అలవాటుపడటం. ఒకే సేవకుడు ప్రతి పనికీ వెంట వెళ్తుంటే, ఆరునెలల తర్వాత అతడికి బదిలీ అయినప్పుడు ఆ కుటుంబం మళ్లీ మొదటి రోజుకు చేరుతుంది. వెంట వెళ్లడం, పక్కన నిలబడటం, దూరంగా కూర్చోవడం, ఫోనులో అందుబాటులో ఉండటం అని తోడును మెట్లుగా దించుకుంటూ రావాలి.

మూడోది ప్రమాదకరం. జాలితో తమ పేరు మీద సిమ్ కార్డు తీసి ఇవ్వడం, తమ చిరునామాను వాడుకోనివ్వడం సాయం అనిపిస్తుంది. ఆ నంబరుతో ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది పేరున్నవారే. అంతకంటే పెద్ద నష్టం శరణార్థికి: తప్పుడు కాగితం ఒకసారి బయటపడితే సరైన కాగితం కోసం పెట్టుకునే అర్జీ కూడా అనుమానంలో పడుతుంది. సాయం చేస్తూ ఫొటోలు తీసి పెట్టడం కూడా ఇలాంటిదే. వదిలివచ్చిన ఊళ్లో బంధువులు ఇంకా ఉంటారు. ఇక్కడి ముఖం అక్కడ గుర్తుపడితే ఏమవుతుందో ఫొటో తీసినవారికి తెలియదు.

బయటివారి సేవకు ఉన్న ఈ లోపాలను చాలావరకు పూడ్చింది శరణార్థులే నడిపిన సేవ. ఎస్.సి. చంద్రహాసన్ ఆధ్వర్యంలో 1984లో మొదలైన ఈలం శరణార్థుల పునరావాస సంస్థ శిబిరాల్లోని యువతీయువకులనే ఉపాధ్యాయులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసింది. 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య తర్వాత శిబిరాల్లోకి బయటి సంస్థల రాకపోకలు కట్టుదిట్టమయ్యాయి. బయటివారు లోపలికి వెళ్లలేని ఆ కాలంలో లోపలివారి చేతుల్లో ఉన్న పనే నిలిచింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ, ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పెద్ద సంస్థల నిధులతో నడిచే చిన్న సంఘాలకు అప్పటినుంచి ఆ దారి మూసుకుపోయింది. స్థానిక చందాలు, సొంత శ్రమ మాత్రమే మిగిలాయి.

కెనడాలో ఎలా?

స్వచ్ఛంద సేవ గురించి మాట్లాడినప్పుడల్లా కెనడా ప్రస్తావన వస్తుంది. అక్కడ పౌరులు బృందంగా చేరి ఒక శరణార్థి కుటుంబం ఖర్చును, స్థిరపడే బాధ్యతను సాధారణంగా ఏడాదిపాటు భరిస్తామని ప్రభుత్వానికి రాసిస్తారు. 1979–80లో వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన సుమారు 60,000 మందిలో సగానికి పైగా ఈ పద్ధతిలో వచ్చినవారే. ఆ పద్ధతి ఫలించడానికి పౌరుల ఔదార్యం ఒక కారణం. కుటుంబం విమానం దిగే నాటికే శాశ్వత నివాస హోదా చేతిలో ఉండటం రెండోది, అసలుది. అక్కడి సేవకుడు ఇల్లు వెతుకుతాడు, ఇక్కడి సేవకుడు ఇల్లు వెతకడానికి అవసరమైన కాగితం వెతుకుతాడు. ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. ఏడాది గడువు, బృందంగా బాధ్యత అనే రెండు ఏర్పాట్లు మాత్రం చట్టం మారకపోయినా ఇక్కడా అమలు చేసుకోదగినవే.

2025 తర్వాత

2025 సెప్టెంబరు 1న వలస, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చి, 1946 నాటి విదేశీయుల చట్టం స్థానాన్ని తీసుకుంది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశిస్తే ఐదేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బస ఇచ్చేవారితో పాటు, విదేశీయులను చేర్చుకునే విద్యాసంస్థలు, లోపల ఉంచి వైద్యం చేసే ఆస్పత్రులు కూడా వారి వివరాలు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఇప్పటిదాకా అడగని తలుపుల్లో కొన్ని ఇకమీదట అడగవచ్చన్నమాట. శిక్షకంటే ముందు దీని ప్రభావం భయం రూపంలో కనిపించే అవకాశం ఉంది: బిడ్డను బడికి పంపడానికి, గర్భిణిని ఆస్పత్రిలో చేర్చడానికి కుటుంబాలే వెనుకాడతాయి. విద్యాహక్కు చట్టం రద్దు కాలేదని, వివరాలు ఇవ్వడం వేరు, వైద్యం నిరాకరించడం వేరు అని వారికి నచ్చజెప్పే పని సేవకుల మీద పడుతుంది. అంతకుముందు మే నెలలో, శిక్ష అనుభవించిన ఒక శ్రీలంక తమిళుడి పిటిషన్‌పై విచారణలో, భారతదేశం ధర్మశాల కాదని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. గాలి ఎటు వీస్తోందో ఆ మాట చెబుతుంది.

కొత్త చట్టంతో పాటే ఒక మినహాయింపు ఉత్తర్వు వచ్చింది. 2015 జనవరి 9 లోపు ఆశ్రయం పొంది నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంతో శిక్షలు వర్తించవు. దశాబ్దాలుగా ‘అక్రమ వలసదారు’ అన్న ముద్రతో ఉన్నవారికి ఇది చిన్న ఊరట కాదు. పౌరసత్వం మాత్రం దీంతో రాదు. 2019 నాటి పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌లకే పరిమితం, అందులో శ్రీలంక లేదు. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. ఆ తేదీ తర్వాత పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. అందువల్ల ఒకే శిబిరంలో, ఒకే కుటుంబంలో, 1986లో పుట్టిన అక్క పౌరురాలు, 1988లో పుట్టిన తమ్ముడు విదేశీయుడు కావచ్చు. అక్క జనన ధ్రువపత్రాన్ని ఆస్పత్రి పాత రిజిస్టరులో వెతికి పట్టుకోవడం ఇప్పుడు సేవకులు చేయదగిన పనుల్లో అన్నిటికంటే విలువైనది. ఆ ఒక్క కాగితం ఒక మనిషిని శిబిరం జాబితాలోంచి ఓటర్ల జాబితాలోకి మార్చగలదు.

మినహాయింపు తేదీకి అవతల ఉన్నవారి సంగతి ఇంకా తేలలేదు. 2022 మార్చి నుంచి, ఆర్థిక సంక్షోభం తట్టుకోలేక ధనుష్కోటి తీరానికి పడవల్లో చేరిన శ్రీలంక తమిళులు రెండు వందలకు పైగా ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం వారిని మండపం శిబిరంలో ఉంచి అన్నం పెట్టింది. 2015 గీత వారికి వర్తించదు. వారిలో ఎవరైనా పనికోసం చెన్నైకి రాగలిగితే, దిగడానికి వీలైన చోట్లలో ఒకటి నగరానికి ఉత్తరాన, నెల్లూరు దారిలో ఉన్న గుమ్మిడిపూండి శిబిరం పరిసరాలు. అది రాష్ట్రంలోని పెద్ద శిబిరాల్లో ఒకటి, చుట్టూ తెలుగు ఊళ్లు. సూళ్లూరుపేట వైపు నుంచి పారిశ్రామికవాడకు వచ్చే తెలుగు కార్మికులూ, రంగుల డబ్బాలతో నగరానికి వెళ్లే శిబిరవాసులూ ఆ స్టేషన్లోనే రైలు ఎక్కి దిగుతారు. కొత్తగా వచ్చినవారికి ఏ రైలు ఎక్కాలో చెప్పేవారు అక్కడ దొరుకుతారు. ఏ కార్యాలయంలో, ఏ పేరుతో అర్జీ పెట్టాలో చెప్పగలిగే ఉత్తర్వు మాత్రం వారి కోసం ఇంకా వెలువడలేదు.